సో కింద చిన్న గీత

హోరేబు మందిరం – ఆరాధన క్రమం
(అందరూ నిలబడవలెను)

రీద్ గారెగ్,
జనవరి 14, 2018

ఒరేయ్ గెథిన్,

పైన నిలబడమని ఉంది, పట్టించుకోకు. కూర్చునే చదువు. మందిరంలో కీర్తనలు తెరమీద చూపించే ప్రోగ్రాం తప్ప ఈ కంప్యూటర్లో నాకు ఇంకేదీ రాదు. దాంతో ఏం అచ్చేసినా నెత్తిన ఆ ముక్క తగిలిస్తుంది. మొన్న మాంసం కొట్టుకి చీటీ పంపితే, "నేనెప్పుడూ నిలబడే కొడతానమ్మా, మీరు చెప్పాలా?" అన్నాడు ఆ కొట్టువాడు.

నువ్వు ఫోన్ చెయ్యడం లేదని నేను తప్పు పట్టను. క్రిస్మస్ నాడు ఏమైందో పక్కనే ఉండి చూశాను కదా. అటునుంచి నువ్వు "నాన్నా, నాన్నా" అంటావు. ఇటు మా అన్నయ్య నోరు తెరుస్తాడు, మాట రాదు. చివరికి ఇద్దరూ ఏడ్చారు, మధ్యలో నేనూ ఏడ్చాను. ఉత్తరమే నయం. నేను చదివి వినిపిస్తే, తర్వాత తీసుకుని దిండు కింద పెట్టుకుంటాడు.

మీ నాన్న ఒంట్లో ఇప్పుడు బాగానే ఉంది. నవంబరులో పక్షవాతం వచ్చినప్పటితో పోలిస్తే ఎంతో నయం. కర్ర పట్టుకుని గేటు దాకా వెళ్ళొస్తాడు. మనం అనేవన్నీ అర్థమవుతాయి. మాట ఒక్కటే తిరిగి రాలేదు. రాద్దామన్నా మాటలు కుదరవు, పెన్సిలు విసిరికొడతాడు.

కానీ విను. పోయిన ఆదివారం నేను గిన్నెలు కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. వెనకనుంచి "సో... లా... టీ... డో" అని వినిపించింది. లోతుగా, నిండుగా, అన్నయ్య గొంతే, పాత ఇద్వల్ గొంతే! నా చేతిలో పళ్ళెం జారి ముక్కలైంది. మాట రాని మనిషికి స్వరం వచ్చిందిరా! మాట తలలో ఒకచోట ఉంటే పాట ఇంకోచోట ఉంటుందని ఇంటికొచ్చి చూసే నర్సు చెప్పింది. నేనూ నలభై ఏళ్ళు నర్సుగా చేశాను, అయినా నా ఇంట్లో చూస్తే తప్ప నమ్మలేకపోయాను.

ఇప్పుడు నీతో పని. పదహారో ఏటినుంచి మీ నాన్న మంద్రం పాడేవాళ్ళ బల్లమీదే కూర్చున్నాడు. స్వరాక్షరాలున్న పాత పుస్తకం చూసి పాడటమే వాళ్ళ అలవాటు. ఇప్పుడాయనకి కుడివైపు సగం కనపడదు, పుస్తకంలో అక్షరాలేమో చీమలు. తెరమీద మాటలు తప్ప స్వరాలు రావు. ఇక ఆ ప్రోగ్రాం అచ్చేసే కాగితం చూస్తే నీకే ఏడుపొస్తుంది. చరణం సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో. డిసెంబరులో ఒక్కసారి తీసుకెళ్ళాను. కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బల్లకింద పెట్టేసి ఆశీర్వాదం కాకముందే లేచి వచ్చేశాడు. మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

ఆ ప్రోగ్రాం ఉచితమేననీ, ఎవరైనా లోపలికెళ్ళి మార్చుకోవచ్చనీ పాస్టరమ్మ లౌరి అంటుంది. "మావాళ్ళు లోపలికెళ్తే బయటికి రాలేరండీ, మీ మేనల్లుణ్ణి అడగండి" అంది. నీకు అదే కదా పని. అక్షరాలు పెద్దవి కావాలి, అన్నీ ఎడమవైపే సన్నటి వరసగా రావాలి, మాటల కింద స్వరాలుండాలి. నువ్వు గిటారు పట్టుకుని తిరిగావు కాబట్టి నీకు తెలీదు. డో రే మీ ఫా సో లా టీల మొదటి అక్షరాలే: డ, ర, మ, ఫ, స, ల, ట, అంతే. మందిరంలో పాట నడిపించే ట్రెవోర్ పాత పుస్తకం చూసి కొట్టిన ఫైళ్ళు పంపుతున్నాను.

మే పదమూడున లోయలోని మందిరాలన్నీ కలిసే గానోత్సవం ఈసారి మన హోరేబులోనే. మా అన్నయ్య ఆ రోజు తన బల్లమీద కూర్చుని పాడాలి. అది నా పట్టు.

మీ అత్త,
ఎలునెద్

(ఆశీర్వాదము. ఆమెన్ మూడంతలు.)


రోటర్‌డామ్,
జనవరి 27

అత్తా,

నీ ఉత్తరం మెట్లమీద నిలబడే చదివాను. పైన రాసిందానికి భయపడి కాదు, గది దాకా వెళ్ళే ఓపిక లేక. సో లా టీ డో దగ్గర మాత్రం అక్కడే కూలబడ్డాను.

కాగితం సంగతి చూశాను. నీకు వచ్చిన ఫైలుని లౌరి గారికి ఇవ్వు, ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలుసు. ఇకనుంచి చరణం మధ్యలో విరగదు. పల్లవి ప్రతిసారీ మళ్ళీ మళ్ళీ అచ్చవదు. అక్షరాలు ఎండుద్రాక్షంత ఉంటాయి. అన్నీ ఎడమ అంచుకే వస్తాయి, కుడివైపు ఖాళీ. నాన్న తల తిప్పక్కర్లేదు.

ట్రెవోర్ గారి ఫైళ్ళు మాత్రం నా ప్రాణం తీశాయి. స్వరాల వరస నిండా కామాలు చల్లినట్టున్నాయి. పాత పుస్తకాల మచ్చలన్నీ ఆయన నమ్మకంగా కామాలుగా కొట్టేసినట్టున్నారు. ఒంటరి అక్షరం వెనక కామా కనిపిస్తే తుడిచెయ్యమని ప్రోగ్రాంకి చెప్పాను. ఇప్పుడు చూడు, కడిగిన పలకలా ఉంటుంది.

నీ ఉత్తరాలకి కూడా వేరే తలకట్టు పెట్టాను. చూసి నవ్వుకో.

ఇంకో మాట అత్తా. నవంబరులో నేను ఆసుపత్రిలో మాట్లాడించిన ప్రతిసారీ నాన్న మొహం గోడవైపు తిప్పుకునేవారు. నన్ను చూసి సిగ్గుపడ్డారో, విసుక్కున్నారో నాకు తెలీదు. చిన్నప్పుడు కూడా మేమిద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు, కానీ అప్పుడు అది లోటనిపించలేదు. మేలో రావాలని ఉంది. నేనొస్తే ఆయనకి ఇబ్బందయితే రాను. ఆయన్నే అడుగు. నా మనసు నొచ్చుకుంటుందని నువ్వు జవాబు కల్పించొద్దు. ఆయన ఏమంటే అదే రాయి.

గెథిన్


ఎలునెద్ అత్త ఉత్తరం
(అందరూ కూర్చొనవచ్చును)

రీద్ గారెగ్,
ఫిబ్రవరి 12

నా బంగారు కొండా,

తలకట్టు చూసి నవ్వీ నవ్వీ నాకు దగ్గొచ్చింది. మీ నాన్నకి చూపిస్తే భుజాలు కుదిపాడు. అది నవ్వే. ఇప్పుడాయన నవ్వు భుజాల్లో ఉంది.

నీ కాగితం బ్రహ్మాండం. మంద్రం బల్లమీద ఆయన పక్కన కూర్చునే రొట్టెల విల్ గుర్తున్నాడా? "అరవయ్యేళ్ళుగా కళ్ళు చికిలించి పాడుతున్నాను, ఈ పిల్లాడు దీన్ని ముందే కనిపెట్టి ఉంటే కళ్ళజోడు డబ్బులు మిగిలేవి" అన్నాడు. మీ నాన్న ఒక కాగితం గదిలోకి తీసుకెళ్ళాడు. తలుపు వేసుకుని పాడుకున్నాడు. నేను గుమ్మం బయట మూకుడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాత కీర్తనలే కాబట్టి ఆయనకి కంఠతా వచ్చు, అయినా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూసుకుంటున్నాడు.

సరే, నువ్వు అడగమన్నది అడిగాను. నిన్న మధ్యాహ్నం మాంసం చారు వడ్డిస్తూ సూటిగా అడిగాను. "గెథిన్ మే నెలలో వస్తానంటున్నాడు, రమ్మనమంటావా వద్దంటావా అన్నయ్యా?" చెంచా కింద పెట్టాడు. ఎడం చేత్తో పెన్సిలు తీసుకుని మూడు స్వరాలు రాశాడు. నాకు అర్థం కాలేదేమోనని పాడాడు కూడా. కిటికీలోంచి సముద్రం వైపు చూపించి, నా అచ్చు మిషను చూపించాడు. నీకు పంపమని.

ఆ చీటీనే పంపుదామంటే ఇవ్వలేదు. చెయ్యి వణికి అక్షరాలు వంకరపోయాయని ఆయనకి నామోషీ. పుస్తకంలో దాచేసుకుని, అచ్చేసి పంపమన్నాడు. ఆయన రాసింది రాసినట్టు కొడుతున్నాను, నాది ఏమీ కలపలేదు:

మ   డ   స

ఇదేం కీర్తనో నాకు అంతు చిక్కలేదు. పుస్తకమంతా తిరగేశాను, ఇలా మొదలయ్యేది ఒక్కటీ లేదు. మీ తండ్రీకొడుకుల గుట్టు ఏదైనా అయితే నాకు తెలీదు, నువ్వు చిన్నవాడిగా ఉన్నప్పుడు నేను లివర్‌పూల్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. అర్థమైతే నాకూ చెప్పు, ఆత్రం ఆగడం లేదు.

ఎండుద్రాక్షల రొట్టె పంపుతున్నాను. వెన్న రాసుకుని తిను, ఉత్తినే తినకు.

అత్త


రోటర్‌డామ్,
ఫిబ్రవరి 21

అత్తా,

రొట్టె అందింది. వెన్న రాసుకునే తిన్నాను.

అది కీర్తన కాదు. పక్కింటి వాళ్ళ పియానో మీద ఒక్కో స్వరమే నొక్కి చూశాను. మూడోది నొక్కగానే తెలిసిపోయింది.

నేను గుట్టమీద ఆడుకుంటుంటే నాన్న గేటు దగ్గర నిలబడి ఈల వేసేవారు. అరుపులు ఆయనకి పడవు కదా. రెండు ఈలలుండేవి. రెండూ ఒకేలా మొదలై చివర విడిపోయేవి. చివరి స్వరం కిందికి దిగితే 'ఇంటికి రా, అన్నం వేళైంది' అని. పైకి ఎగిరితే 'ఉన్నచోటే ఉండు' అని. రెండోది మంచు కమ్మిన రోజుల్లో వేసేవారు. పాత రాతి గనుల అంచుల్లో నేను ఒక్కణ్ణీ నడవడం ఆయనకి భయం. ఆ ఈల వింటే కదలకుండా కూర్చునేవాణ్ణి, కాసేపటికి ఆయనే వచ్చి తీసుకెళ్ళేవారు.

ఆయన పంపింది పైకి ఎగిరేది. ఇప్పుడు ఆయనే వచ్చి తీసుకెళ్ళలేరు, కాబట్టి దానికి మిగిలిన అర్థం ఒక్కటే. ఉన్నచోటే ఉండు. రావద్దు.

నువ్వు బాధపడకు. నేనే కదా ఆయన ఏమంటే అదే రాయమన్నాను. అర్థమైందని ఆయనకి చెప్పు. కోపం లేదని కూడా చెప్పు. మే నెలకి సెలవు అడిగి ఉంచాను, రద్దు చేసుకున్నాను. కాగితాలకి ఇంకేమైనా మార్పులుంటే రాస్తూ ఉండు, అదైనా నేను చెయ్యగలిగిన పని.

గెథిన్


ఎలునెద్ అత్త ఉత్తరం
(అందరూ కూర్చొనవచ్చును)

రీద్ గారెగ్,
మార్చి 18

గెథిన్,

కూర్చోవచ్చని పైన ఉంది గానీ ఇవాళ నేను నిలబడే తిట్టదలుచుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే మీ నాన్నకి చదివాను. 'అర్థమైంది, రావడం లేదు, కోపం లేదు' దగ్గరికి వచ్చేసరికి మొహం నల్లబడిపోయింది. బల్ల గుద్దాడు. ఆ మూడు స్వరాలే మళ్ళీ పాడాడు. నేను "అవునన్నయ్యా, అదే పంపాను, వాడికి అర్థమైందట" అంటే ఇంకా గట్టిగా గుద్దాడు. గొంతు దించి, ఇంకా దించి పాడాడు, గడ్డం వెళ్ళి గుండెకి ఆనింది. కళ్ళలో నీళ్ళు. నేనేం తప్పు చేశానో నాకు తెలీదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి నీ ఉత్తరాలు దిండు కింద ఉండటం లేదు, సొరుగులో వేశాడు. నువ్వు రానన్నావని అలకో, రమ్మనలేకపోయానని బాధో, నేనేం చెప్పగలను? ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నేను తపాలా బంట్రోతుని.

కోపంలో ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు, ఎందుకంటే నిన్న మందిరంలో నా పరువు పోయింది.

గానోత్సవానికి కొత్త రాగం ఒకటి నేర్చుకోవాలి. ఎవరికీ రాదు కాబట్టి అందరూ నీ కాగితం చూసే పాడాలి. బతిమాలి మీ నాన్నని కూడా తీసుకెళ్ళాను, వెనక బల్లమీద కూర్చోబెట్టాను. ట్రెవోర్ చెయ్యి ఎత్తాడు. మంద్రం వాళ్ళు, ఒక్కొక్కడూ గుమ్మం పట్టనంత మనిషి, పాట రెండో వరసలో ఒక్కసారిగా గొంతులతో గాల్లోకి లేచారు. తోక తొక్కిన పిల్లుల్లా! రొట్టెల విల్ మొహం బీట్‌రూట్ అయిపోయింది. ట్రెవోర్ ఆపేసి, "అయ్యా, ఇదేంటి?" అంటే, "కాగితంలో అలాగే ఉంది! కాగితంలో ఉన్నట్టు పాడమని నువ్వే కదా మాకు నేర్పింది!" అని విల్ ఎదురు తిరిగాడు. లౌరి నవ్వాపుకోలేక వేదిక వెనక్కి వెళ్ళిపోయింది. పిల్లలైతే నేలమీద దొర్లారు.

మీ నాన్న నవ్వలేదు. కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. విల్ చేతిలో కాగితం లాక్కుని చూశాడు. నా పెన్సిలు తీసుకుని, మంద్రం వరసలో స్వరాల పక్కన, కింద, చిన్న చిన్న గీతలు పెట్టడం మొదలెట్టాడు. ఎడం చేత్తోరా! ఒక్కో కాగితం. అందరి కాగితాలూ అయ్యేదాకా ఎవ్వరూ కదల్లేదు. తర్వాత పాడితే సరిగ్గా వచ్చింది, నేలలోంచి వచ్చినట్టు వచ్చింది.

ట్రెవోర్ ప్రమాణం చేసి చెబుతున్నాడు, ఆ గీతలు ఫైల్లో తను కొట్టాడట. నీ మిషనే తినేసిందట. చూసి బాగుచెయ్యి. మీ నాన్న సంగతి నువ్వు చూడకపోయినా కనీసం అదైనా చూడు.

ఎలునెద్


రోటర్‌డామ్,
మార్చి 25

అత్తా,

తిట్టింది చాలదు, నేనొచ్చాక ఇంకా తిట్టు. అవును, వస్తున్నాను. ముందు ఇది నాన్నకి చదువు, తర్వాత మిగతాది.

ఆ గీతలు తిన్నది మిషను కాదు, నేను. ట్రెవోర్ గారి ఫైళ్ళలో ప్రతి స్వరం పక్కన కామాలుంటే మచ్చలనుకున్నాను. ఆ కామాలే పుస్తకంలోని గీతలనీ, స్వరం పక్కన గీత ఉంటే దాన్ని కింది స్థాయిలో పాడాలనీ నాకు తెలీదు. ఏడక్షరాలేగా అనుకున్నాను. నువ్వు ఉత్తరాలు రాసేది కూడా అదే ప్రోగ్రాంలో. ఆయన రాసిన చివరి సో కింద కూడా గీత ఉండే ఉంటుంది. నువ్వు సరిగ్గానే కొట్టి ఉంటావు. నా దగ్గరికొచ్చేలోపు నా చీపురే దాన్ని ఊడ్చేసింది.

మంద్రం వాళ్ళు గాల్లోకి లేచారని చదివి నేనూ నవ్వాను. తర్వాత నువ్వు రాసిన ఆ మాట మళ్ళీ చదివాను. 'గొంతు దించి, ఇంకా దించి పాడాడు.' నా నవ్వు ఆగిపోయింది అత్తా. ఆయన పుస్తకంలో దాచిన ఆ చీటీ ఒక్కసారి తీసి చూడు. సో కింద గీత ఉందా లేదా? నేను నీ జవాబు కోసం ఆగను. నాకు తెలుసు ఉందని.

ఇంటికి రా, అన్నం వేళైంది. మాట పోయిన మనిషి ఎంత కష్టపడి నాతో ఒక్క మాట అన్నాడో! నేను దాన్ని తిరగేసి, రావద్దన్నాడని అలిగి కూర్చున్నాను. పైగా కోపం లేదని పెద్దమనిషిలా రాశాను. ఆయన బల్ల గుద్దడం కాదు, నా వీపుమీద గుద్దాల్సింది.

ఫైలు సరిచేసి పంపాను. ఈ ప్రోగ్రాం వాడుకునే వాళ్ళందరికీ అందేలా ఉమ్మడి కొట్లో కూడా పెట్టాను. అక్కడ మరమ్మతు ఎందుకు చేశామో పక్కన ఒక వాక్యం రాయాలి. 'ఇవి చెత్త కాదు, మంద్రం' అని రాశాను. వాళ్ళకి ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి.

ఈస్టరుకే వస్తున్నాను, మే దాకా ఆగను. మేలో మళ్ళీ వస్తాను. గేటు తీసి ఉంచు.

గెథిన్


ఎలునెద్ అత్త ఉత్తరం
(అందరూ కూర్చొనవచ్చును)

రీద్ గారెగ్,
జూన్ 20

నాయనా గెథిన్,

నువ్వు వెళ్ళినప్పట్నుంచి ఇల్లు బోసిపోయింది. నీ మేజోడు ఒకటి సోఫా కింద దొరికింది. రెండోది నీ దగ్గరుంటే ఉంచుకో, లేకపోతే రెండూ మర్చిపో.

గానోత్సవం గురించి ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. నువ్వు పైన గ్యాలరీలో ఉన్నావు కాబట్టి ఒకటి చూసి ఉండవు. చివరి కీర్తనలో మీ నాన్న కాగితం పక్కన పెట్టేసి, నువ్వున్న వైపే తల పూర్తిగా తిప్పి పాడాడు. కుడివైపు కనపడదు కదా, అంత తిప్పితేనే నువ్వు కనిపిస్తావు. ఆసుపత్రిలో నీవైపు కాక గోడవైపు తిరిగాడని బాధపడ్డావు చూడు, నాకు అప్పుడు తట్టింది. నువ్వు కుడివైపు కుర్చీలో కూర్చునేవాడివి. ఆయన నీ గొంతు విని, నువ్వెక్కడున్నావో తెలీక, కనిపించే వైపు వెతికాడురా. నర్సుగా బతికిన దాన్ని, నాకు ఇన్నాళ్ళూ తట్టలేదంటే నన్నేమనాలి?

ఇప్పుడు ఆరాధన కాగితాలు మీ నాన్న చూడందే అచ్చుకి వెళ్ళవు. శనివారం లౌరి తెస్తుంది, ఆయన పెన్సిలు పట్టుకుని గీతలు సరిచూస్తాడు. ఒక్కటి తగ్గినా బల్లమీద దరువేస్తాడు. ఎప్పుడో ఇక్కణ్ణుంచి సముద్రాలు దాటి పటగోనియాకి వలసపోయిన మనవాళ్ళ మందిరం వాళ్ళు కూడా నీ ఫైలు తీసుకున్నారట, కృతజ్ఞతలు చెబుతూ లౌరికి రాశారు. అది చదివి వినిపిస్తే ఆయన భుజాలు చాలాసేపు ఊగాయి.

అసలు సంగతికి వస్తాను. ఆగస్టులో మళ్ళీ వస్తానని రాశావు కదా. నిన్న అది చదివి, "ఏం రాయను?" అని అడిగాను. ఎడం చేత్తో మూడు స్వరాలు రాశాడు:

మ   డ   స

నాకు ఒళ్ళు మండింది. మిషను తిన్నదేమోనని మూడుసార్లు అచ్చేసి చూశాను. తినలేదు. ఆయన రాసిందే అంత, సో కింద గీత లేదు. "ఇదేంటన్నయ్యా! మళ్ళీ వాణ్ణి ఏడిపిస్తావా? గీత మర్చిపోయావు, పెట్టు!" అని పెన్సిలు చేతికిచ్చాను. పెట్టనన్నాడు. తల అడ్డంగా ఊపి, కర్ర ఎత్తి అటకవైపు చూపించాడు. ఎక్కి చూస్తే అక్కడ ఉన్నది ఒక్కటే, మీ అమ్మ తోలు పెట్టె. దింపమన్నాడు. దింపాను. దుమ్ము దులిపి, మూత తీసి, తన ఆదివారపు చొక్కా తెచ్చి అందులో పెట్టుకున్నాడు. తర్వాత కొక్కేనికున్న నా సంచీ వైపు కర్ర చూపించాడు, నన్నూ సర్దుకోమని.

డాక్టరుని అడిగాను, ఓడలో అయితే ఫరవాలేదన్నాడు. హల్ రేవునుంచి ఇద్దరికీ టికెట్లు తీశాను. ఆగస్టు నాలుగో తేదీ పొద్దున దిగుతాం. మీ ఊరి మాంసం ఎలా ఉంటుందో ఏమో, నేను తెచ్చుకుంటాను.

ఈసారి అచ్చేసింది కాకుండా ఆయన రాసిన చీటీనే లోపల పెట్టాను. వంకరగానే ఉంది. పంపమని తనే మడిచి ఇచ్చాడు.

మీ అత్త,
ఎలునెద్


రోటర్‌డామ్,
జూన్ 27

నాన్నా,

ఉన్నచోటే ఉంటాను.

గెథిన్